తెల్లమెట్ట మీద పాలగడ్డి

నమోదు 41
ఎండ. గాలి లేదు.

ఏమీ పెట్టకుండా ఉంటేనే బతికే దాన్ని ప్రేమించడం ఎలా?

ఎగువ నగరంలో చదువుకునే రోజుల్లో మాకు తలా ఒక కుండీ ఇచ్చి సూది కసువు పెంచమన్నారు. నేను రోజూ ఎరువు నీళ్ళు పోశాను. తరగతిలో మొదట చచ్చింది నాదే. పక్కబల్ల అమ్మాయి కుండీ సంగతే మరిచిపోయి సెలవులకు వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేసరికి దాని కుండీలో కసువు నిక్కపొడుచుకుని నిలబడి ఉంది. అప్పటి నుంచి ఆ ప్రశ్న నా వెంట తిరుగుతోంది. నలభై దాటాక కూడా దానికి నా దగ్గర జవాబు లేదు. ఊరు ఇచ్చే జీతం మాత్రం దాని మీదే వస్తోంది. తెల్లమెట్టకు నేను గడ్డి పరిశీలకురాలిని.

ఇవాళ గుట్ట మీద ఇసుక జారుడు కొలవడానికి పాతిన మేకులు చూసి వచ్చాను. మెట్ట మీద గడ్డంటే ఒకటే గడ్డి అనుకునేవాళ్ళు ఇక్కడే పుట్టి ఇక్కడే ముసలైనవాళ్ళలో కూడా ఉన్నారు. గుట్ట నెత్తిన, చేత్తో తీస్తే జారిపోయే తెల్ల ఇసుకలో, సూది కసువు ఉంటుంది. పైకి జానెడు. ఇనుప చువ్వతో వేరు వెంట తవ్వుకుంటూ పోతే నా నడుము దాకా దిగాక కూడా అంతు దొరకలేదు. మొండిమాకుల నీడ అంచున వంకర గడ్డి. ఎండలోకి పూర్తిగా రాదు, నీడలోకి పూర్తిగా పోదు. పల్లంలో, వానకు నీళ్ళు నిలిచి ఎండకు పగిలే చోట, ఎర్రకాడ గుబుర్లు. వాటి మధ్య నడిస్తే మడమ మెలిక పడుతుంది. బాట పక్కన రంపపు గడ్డి. దాన్ని ముట్టుకున్నవాళ్ళు మళ్ళీ ముట్టుకోరు. ఒకదాని చోట్లోకి ఇంకొకటి రాదు. అన్నిటికీ కావాల్సింది మాత్రం ఒకటే, నేల పేదగా ఉండాలి.

ఈ నేలకు మనుషులంటే పడదు. నాకూ ఈ నేలంటే పెద్దగా పడదని ఇక్కడ రాసుకోవచ్చు. ఈ నమోదులు తీసుకెళ్ళడానికి ఎగువ నగరం నుంచి బండి రావడం మానేసి చాలా కాలమైంది. ఇది చదివేవాళ్ళు లేరు.

గుట్ట మీద పాలగడ్డి మడులు పెరిగాయి. రెండు మడుల మధ్య ఇసుక నోరు తెరిచింది.

నమోదు 42
ఎండ.

ఊట దగ్గర ఆడవాళ్ళు బిందెలు వరసలో పెట్టి కూర్చున్నారు. బాట మలుపు దగ్గరికే మాటలు వినిపించాయి.

"ఏటే, మీ మావ ఇంకా పచ్చబడనేదా?"

"నేదే. బతికున్నపుడే మద్దేనం దాకా మంచం దిగీవోడు కాదు. ఇప్పుడు బేగి లెగుస్తాడేటి?"

"మా అత్తని సూడు, నడుమెత్తు మొలిసినాది. సచ్చినా నోరు తగ్గనేదు."

నవ్వులు. నన్ను చూసి ఆగిపోయాయి.

"గడ్డి పంతులమ్మ వచ్చినాది. లెగండర్రా, మనకీ మేకులు కొట్టేస్తాది."

పాత ఊళ్ళు సముద్రంలోకి పోయాక మా తాతలు ఈ మెట్ట మీదికి ఎక్కారు. ఇక్కడ పోయినవాళ్ళకు ఆరుబయట నిప్పు పెట్టడానికి లేదు, ఒక్క రవ్వ చాలు మెట్టంతా అంటుకుంటుంది. పాతిపెట్టడానికీ లేదు, ఒక్క గాలికాలంలో ఇసుక లేచిపోయి పాతిన మనిషి బయటపడతాడు. అందుకని మట్టి గది కట్టుకున్నారు. పోయినవాళ్ళను అందులో పెడితే కొన్నాళ్ళకు నల్లటి, గోరువెచ్చటి మట్టి బయటికి వస్తుంది. వాన పడ్డ వాసన వేస్తుంది. ప్రతి మనిషీ వయసు రాగానే ఇద్దరు పెద్దల ముందు మెట్ట మీద ఒక రాయి పెట్టి తన చోటు చెప్పుకుంటాడు. పోయాక మట్టి ఆ రాయి దగ్గర పోస్తారు, నీళ్ళు మోసి తడుపుతారు. పచ్చబడ్డ రోజు ఊరంతా బెల్లం పంచుతారు.

ఆ పచ్చ పాలగడ్డిది. ఇది మెట్ట గడ్డి కాదు. వెడల్పాటి ఆకు, విరిస్తే పాలు. దాని గింజ గాలిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, తిండి కనబడ్డ చోట దిగుతుంది. తిండి పైనే ఉంది కాబట్టి వేరు వేలెడు కూడా దిగదు. ఆ నీడలో సూది కసువు చచ్చిపోతుంది. ఎండలు ముదిరాక పాలగడ్డి చాపలా ఎండుతుంది. గాలి దాన్ని చాపలాగే లేపుతుంది. కింద కసువు వేరు ఉండదు, ఇసుకను పట్టుకునేది ఏదీ ఉండదు.

అందరూ చెప్పుకునే చోటు గుట్టే. అక్కడి నుంచి సముద్రం సన్నటి గీతలా కనబడుతుంది. ఆ గుట్ట సరిగ్గా ఊట మీదికి వంగి ఉంటుంది. ఊరికి ఉన్నది ఆ ఒక్క ఊట.

నా బిందె ఇంటికి తెచ్చి వడగడితే అడుగున ఇసుక తేలింది.

నమోదు 44
ఎండ. సాయంత్రం కొంచెం గాలి.

తవిటమ్మ వచ్చింది. ఎర్రకాడ కోసి చీపుర్లు కట్టి బతుకుతుంది. ఆమె కొడుకు అసిరినాయుడు గాలిమర బాగుచేస్తూ కిందపడి చనిపోయాడు. ఇప్పుడు మట్టి గదిలో ఉన్నాడు. మట్టి పోసే ముందు చోటు ఖాళీగా ఉందని నేను చూసి చెప్పాలి. అది నా ఉద్యోగంలో భాగం.

"మావోడు మట్టి అయిపోవొచ్చినాడు పంతులమ్మా. సోటు సూసి సెప్పు."

"చూశాను. ఖాళీగానే ఉంది. కానీ ఈ గాలికాలం వెళ్ళేదాకా గుట్ట మీద ఎవరూ పొయ్యకూడదని చెప్పబోతున్నాను."

"ఏటి ఆగీది? ఇదేటి పెళ్ళి సమ్మందమా, ఆగుదాం సూద్దాం అనడానికి?"

"గుట్ట జారుతోందమ్మా. ఇసుక ఊటలోకి దిగుతోంది. ఇంకో మడి పడితే..."

"ఊరందరూ పోసుకున్నపుడు నీ నోట్లో ఏటున్నాది? మావోడి వొంతు వచ్చీసరికి ఊట ఎండిపోద్దేటి?"

"ఎండిపోదు. పూడిపోతుంది."

ఆమె గుమ్మం దాటి లోపలికి రాలేదు. బయట నుంచే నన్ను కింది నుంచి పైకి చూసింది.

"మీయమ్మ ఉన్నాది కదా అక్కడ. మీయమ్మ బరువుకి పూడనేదు గాని, నా గుంటడి బరువుకి పూడిపోద్దా?"

దానికి శాస్త్రంలో జవాబు ఉంది. మా అమ్మ మడి కూడా లెక్కలోదే, ఆమె బరువు కూడా గుట్ట మీద ఉంది. ఆ మాట గుమ్మంలో నిలబడి చెప్పలేకపోయాను. చెప్పి ఉంటే ఆమె తర్వాత అడిగేది నాకు తెలుసు.

నమోదు 46
గాలి మొదలు.

ఊరి పెద్ద గున్నయ్య సభ పెట్టించాడు. అడిగింది నేనే. గాలిమర కింద అందరూ కూర్చున్నారు. ముందు మా తమ్ముడు ధర్మారావు, వెనక తవిటమ్మ.

చెప్పాల్సింది చెప్పాను. గుట్ట మీద కొత్తగా పొయ్యొద్దు. ఉన్న పాలగడ్డి మడుల్ని మట్టితో సహా గీకి తీసెయ్యాలి. అడుగున ఇసుక బయటపడితే కసువు మళ్ళీ వస్తుంది.

"వస్తాదని నీకెలగ తెలుసు?" గున్నయ్య అడిగాడు. ఆయనకు కోపం రాదు. కోపం వచ్చే మనిషితో కన్నా ఆయనతో మాట్లాడడం కష్టం.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆయన నాయనమ్మ మడే అన్నిటికన్నా పాతది. దాని అంచున పాలగడ్డి మధ్యలో నాలుగు సూది కసువు పోచలు వాటంతట అవే లేచాయని చెప్పాను. మట్టిలో సారం తగ్గిన కొద్దీ కసువు తిరిగి వస్తోందని అనుకుంటున్నానన్నాను.

"అయితే గీకడం దేనికి? ఆగితే సాలు కదా?" ఎవరో అన్నారు.

"ఆగితే చాలేమో. కానీ గాలి అంతకాలం ఆగదు."

"ఏమో, అనుకుంటన్నాను, సాలేమో. ఇంత సదువు సదివి ఏమోలేనా అప్పా నువ్వు తెచ్చినాది?" అంది ఒకావిడ. చాలామంది నవ్వారు.

అప్పుడు గున్నయ్య అడిగాడు. "సరే. గీకినామనుకో. గీకిన మట్టి ఎక్కడ పెట్టాల?"

ఆ ప్రశ్న వస్తుందని తెలిసే వెళ్ళాను.  "కూరపాదుల్లో" అన్నాను. "మంచి మట్టి అది. మెట్టకు అక్కర్లేదు. మన పాదులకు కావాలి. మనిషిని పెట్టాల్సిన చోటు అదే."

నేను మాట పూర్తి చేసేసరికి ముందు వరసలో ఒకాయన లేచి పక్కకు పోయి ఉమ్మేశాడు.

"తినీ మట్టిలో మనిషిని కలిపేస్తావా? మీ తాతని పులుసెట్టుకుని తింటావా?"

అరుపులు చాలాసేపు సాగాయి. గున్నయ్య చెయ్యెత్తాడు.

"పంతులమ్మ సెప్పినాది అబద్ధమని నాననను. నిజమనీ అనను. ఈ గాలి ఎల్లీదాకా కొత్తగా ఎవులూ పోయొద్దు. ఇక గీకడమంటావా, ముందు మీయమ్మది గీకు. సూద్దాం."

నాకు తీర్పు దొరికింది. దానికి వెలగా మా అమ్మ మడిని పెట్టిన పద్ధతికి ఎవరైనా సిగ్గుపడాలి. నేనా, ఆయనా, తేలలేదు. ధర్మారావు లేచి వెళ్ళిపోయాడు. తవిటమ్మ కదల్లేదు. సభంతా అయిపోయాక కూడా నన్నే చూస్తూ కూర్చుంది.

నమోదు 48
గాలి. మొహాన ఇసుక.

గీకాను.

పాలగడ్డి ఎంత తేలిగ్గా వస్తుందో చేసేదాకా తెలియలేదు. పార అంచు పెట్టి తోస్తే దుప్పటిలా చుట్టుకుపోయింది. కింద వేలెడు మందాన నల్లమట్టి. దాని కింద తెల్ల ఇసుక. రెండిటి మధ్య గీత కత్తితో కోసినట్టుంది. మా అమ్మ ఈ నేలలోకి ఇంచీ కూడా దిగలేదు. ఇన్నేళ్ళూ పైనే ఉంది. మేము నీళ్ళు పోస్తూ అక్కడే ఉంచాం.

మట్టిలో ఏదో ఒకటి కనబడుతుందని భయపడ్డాను. వానపాములు కనబడ్డాయి, అంతే.

గోనెల్లో నింపి ఇంటికి మోశాను. ఎవరూ చెయ్యి వేయలేదు. గుట్ట దిగుతుంటే ఇళ్ళ ముందు నిలబడి చూశారు. ఒకావిడ తన పిల్ల కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టింది.

ధర్మారావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గోనెలు దింపేదాకా చూస్తూ ఉన్నాడు.

"కూరపాదులో ఎయ్యవేటి అప్పా? సభలో సెప్పినావు కదా."

"వేస్తాను. రేపు."

"రేపు." ఆ మాట రెండుసార్లు అన్నాడు. "నాకు పదేళ్ళపుడు అమ్మ మట్టి నెత్తిన పెట్టుకుని నువ్వూ నానూ ఎల్లినాం. ఆరోజు నువ్వే సెప్పినావు, అమ్మ ఇక్కడ నుంచి సముద్రం సూస్తాదని. నాను నమ్మినాను."

"నేనూ నమ్మాను రా."

"ఇప్పుడు నమ్మవు. సదువుకున్నావు కదా."

పడక చుట్టుకుని గాలిమర పనివాళ్ళ పాకలోకి వెళ్ళిపోయాడు. గోనెలు గోడ పక్కన ఉన్నాయి. కూరపాదు వాటికి నాలుగడుగుల దూరంలో ఉంది. వంకాయ మొక్కలు పసుపుపచ్చగా, ఆకలిగా నిలబడి ఉన్నాయి. పార తీసుకుని ఒకసారి వెళ్ళాను, తిరిగి వచ్చాను.

నమోదు 49
గాలి.

నా మేకులన్నీ పీకేశారు. కొన్ని ఊటలో తేలుతున్నాయి. ఇసుక ఎంత జారిందో ఇక కొలవడానికి లేదు.

ఊటలో నీళ్ళు తోడే చేద తాడులో రంపపు గడ్డి పేని పెట్టారు, జాగ్రత్తగా, పైకి కనబడకుండా. తాడు లాగగానే అరచెయ్యి అడ్డంగా తెగింది. ఈ పని చేసినవాళ్ళకు రంపపు గడ్డి ఎక్కడ పెరుగుతుందో, ఎటువైపు నిమిరితే కొయ్యదో తెలుసు. నేను వాళ్ళకు నేర్పాలనుకున్న పాఠం ఇదే కదా అని నవ్వు వచ్చింది. తర్వాత రాలేదు.

గున్నయ్యకు చెయ్యి చూపించాను. "ఎవులో పనీపాటా నేనోళ్ళు" అని తన కండువా చింపి కట్టాడు. ఎవరని అడగలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది.

ఇంటికి వచ్చి కూర్చుంటే, ఈ ఊరిని ఇసుక కప్పేస్తే కప్పెయ్యనీ అనిపించింది. రాసి చూసుకున్నాను. ఆ వాక్యం కొట్టెయ్యాలని అనిపించలేదు.

నమోదు 51
పెద్ద గాలి.

ఎడమ చేత్తో రాస్తున్నాను.

మధ్యాహ్నం గుట్ట ఎక్కేసరికి తవిటమ్మ అక్కడ ఉంది. నెత్తిన బుట్ట, బుట్ట మీద తడి గుడ్డ. అందరూ చూస్తుండగానే ఊరి మధ్య నుంచి నడిచి వచ్చిందట. ఎవరూ ఆపలేదు. ఎందుకు ఆపుతారు, అది పంతులమ్మ పని.

ఆమె నిలబడింది కొడుకు చోటులో కాదు. నేను గీకిన మా అమ్మ చోటులో.

"తవిటమ్మా, ఆగు."

"ఆగను."

"ఇది మీవాడి చోటు కాదు. వాడి రాయి అవతల ఉంది."

ఆమె కొంగు ముడి విప్పింది. అందులో రాయి ఉంది. "ఎత్తుకొచ్చినాను. మీయమ్మని నువ్వు తీసేసినావు కదా. సోటు ఖాళీ అయినాది కదా. ఒకల్ని తీసిన సోట ఒకల్ని పెడితే నీ లెక్కకి ఏటి ఎక్కువైపోద్ది?"

నేను ఆలోచించాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, నిజంగానే ఆలోచించాను. మడులు మునుపు ఎన్నో అన్నే అవుతాయి. గుట్టకు కొత్త బరువేమీ ఉండదు. గీకడం మాత్రం వృథా అవుతుంది. అమ్మను లేపి గోనెల్లో కుక్కింది దేనికీ కాకుండా పోతుంది. నన్ను ఆపింది శాస్త్రమా, ఈ చివరి మాటా అని ఆ నిమిషంలో విడదీసి చూసుకోవడానికి తీరిక లేదు.

బుట్ట అంచు పట్టుకున్నాను. ఆమె లాగలేదు, వదల్లేదు.

"సూడు, నాను నీకు దండం పెట్టను. ఆడు గాలిమర ఎక్కినపుడల్లా ఈ గుట్టకేసి సూసీవోడు. అమ్మా, అదే నా సోటు, ఆడ కూకుంటే మనిల్లూ కనబడతాది, సముద్రమూ కనబడతాదీ అనీవోడు. నీకు గడ్డి కావాల. నాకు ఆడు కావాల. ఎవులిది పెద్దదో నువ్వే సెప్పు."

"నీళ్ళు లేకపోతే..."

"నీలు, నీలు, నీలు. నా ఇంట్లో నీలు తాగడానికి ఎవులున్నారు?"

అప్పుడే గాలి వచ్చింది. మెట్ట మీద పెద్ద గాలి ముందు చెప్పి రాదు, పక్కకు నెట్టేస్తుంది. ఇద్దరం మోకాళ్ళ మీద పడ్డాం. ఇసుక సూదుల్లా గుచ్చింది. కళ్ళు తెరవడానికి లేదు. అవతల ఎవరిదో పాలగడ్డి మడి లేచి, తడిబట్ట ఝాడించినట్టు చప్పుడు చేస్తూ మా నెత్తి మీదుగా పోయింది. ఇసుక కన్నా ఎండిన మట్టి తేలిక. గాలి ముందు దాన్నే తీసుకుంటుంది. తవిటమ్మ బుట్ట మీద బోర్లా పడుకుంది. నేను ఆమె వీపు మీద వంగాను. మా ఇద్దరి మధ్య నుంచి మట్టి నల్లగా, సన్నగా, ఆగకుండా వెళ్ళిపోతోంది. నా తెగిన చేత్తో బుట్ట కంత మూయాలని చూశాను. ఆ చెయ్యే ఇప్పుడు పనిచేయడం లేదు.

గాలి తగ్గాక చూస్తే బుట్టలో సగం ఉంది.

ఆమె కొంతసేపు బుట్టలోకి చూసింది. తర్వాత చుట్టూ చూసింది.

"ఎటెల్లినాడు?"

"అన్నివైపులా." చెయ్యి చూపించాను. కసువు మీదికి, మొండిమాకుల మీదికి, పల్లంలో ఎర్రకాడ మీదికి. ఏం మాట్లాడకుండా ఉండి ఉంటే బాగుండేది. కానీ నా నోరు నాది. "ఇంత పలచగా పడితే ఏ గడ్డికీ ఏమీ కాదులే" అన్నాను. ఓదార్పు అనుకున్నాను.

చెంప మీద కొట్టింది. చీపుర్లు కట్టే చెయ్యి అది.

బుట్ట నెత్తికెత్తుకుని ఇంటికి వెళ్ళింది. రాయి అక్కడే పడి ఉంది. దాన్ని వాడి చోటులో తిరిగి పెట్టి దిగాను.

నమోదు 57
గాలి ఆగింది. మొదటి వాన.

గుట్ట నిలిచింది. ఇసుక ఊట గట్టు రాళ్ళ దాకా వచ్చి ఆగింది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"ఈపాలి గాలి తక్కువ కొట్టినాది పంతులమ్మా. అంతే" అన్నాడు గున్నయ్య. గాలిమర పనివాళ్ళూ అదే అంటున్నారు. ఆ ఒక్క మధ్యాహ్నం తప్ప పెద్ద గాలి మళ్ళీ రాలేదన్నది నిజం. గీకింది ఒక్క మడి. ఆపింది ఒక్క బుట్ట. అంతమాత్రానికి గుట్ట నిలిచిందని ఎవరైనా రాసి ఇస్తే నేను తిప్పి పంపేదాన్ని. పోనీ నేను చెప్పింది తప్పా అంటే, అదీ తేలలేదు. మేకులు లేవు. కొలత లేదు.

అమ్మ చోటులో తెల్ల ఇసుక మీద వెంట్రుకల్లాంటి మొలకలు వచ్చాయి. మోకాళ్ళ మీద వంగి చూశాను. సూది కసువో, పాలగడ్డి పిల్లలో ఇంత చిన్నప్పుడు చెప్పడానికి లేదు.

గోనెలు అక్కడే ఉన్నాయి. వాన పడి ఒక గోనె మీద ఏదో పచ్చగా మొలిచింది. పీకేశాను.

నమోదు 60
వాన.

కొత్త గొడవ. తవిటమ్మ మిగిలిన మట్టిని పగిలిన నీళ్ళ కాగులో పోసి, గుమ్మం పక్కన పెట్టి, ఆనప గింజ నాటిందట. ఊట దగ్గర ఆడవాళ్ళు నాతో కూడా చెప్పేంత కోపంలో ఉన్నారు.

"కన్నకొడుకుని కాగులో పెట్టినాది ముండ."

"ఆ తీగని మనింటి మీదికి పాకనీయకండే."

ఆమె చీపుర్లు ఎవరూ కొనడం లేదు. నేను కొనడానికి వెళ్ళాను. తలుపు తీయలేదు. తీగ అప్పటికే చూరు అందుకుంది. ఆకు ఒక్కొక్కటి చేటంత ఉంది. ఈ ఊళ్ళో అలాంటి ఆకును నేను చూడలేదు.

ధర్మారావు దారిలో ఎదురయ్యాడు. పలకరిస్తాడనుకున్నాను. గొడుగు అటు తిప్పుకున్నాడు.

నమోదు 71
ముసురు.

పొద్దున్న తవిటమ్మ వచ్చింది. ఈసారి గుమ్మం దాటింది. చేతిలో ఆనపకాయ. లేతది, నూగు కూడా పోలేదు. గోడ పక్కన గోనెల మీద పెట్టింది. వేరే చోటు లేక కాదు, పక్కన పీట ఉంది.

"తొలికాయ" అంది.

లేచి నిలబడ్డాను.

"మనిషిని పెట్టాల్సిన సోటు కూరపాదని సభలో సెప్పినావు కదా. పెట్టినాను. కాసినాది. తిను."

"నువ్వు తిన్నావా?"

"నాను తల్లిని." కాయను గోనె మీద సరిగ్గా జరిపింది. "ఊర్లో ఎవులూ ముట్టరు. కాకులు కూడా ముట్టవు. నువ్వే తినాల. నువ్వు సెప్పినాది నువ్వు తినకపోతే ఇంకెవులు తింతారు?"

"తవిటమ్మా, కూర్చో. టీ పెడతాను."

"నీ ఇంట్లో నాను కూకోను." వెళ్ళబోతూ గోనెల వైపు చూసింది. "మీయమ్మ ఇంకా గోనెలోనే ఉన్నాదేటి?"

తల ఊపాను.

ఆమె మొహంలో ఏదో కదిలింది. ఎగతాళి అనుకున్నాను. తర్వాత అలా అనిపించలేదు. తర్వాత మళ్ళీ అలాగే అనిపించింది. వానలోకి దిగి వెళ్ళిపోయింది.

కాయ ముందు కూర్చుని చాలాసేపయింది. గోరు గుచ్చి చూశాను, దిగింది. నీళ్ళు వచ్చాయి, అన్ని ఆనపకాయల్లోనూ వచ్చే నీళ్ళే. ఆ మట్టిలో మనిషి లేడని, నత్రజనీ భాస్వరమూ ఉన్నాయని నాకు తెలుసు, ఎవరికైనా రుజువు చేయగలను. అయినా కత్తి తీయలేకపోతున్నాను. తింటే నేను చెప్పింది నిజమని నిలబెట్టినట్టా, ఆమె కొడుకుని తిన్నట్టా? తినకుండా పారేస్తే గుట్ట మీద ఆమెను ఆపడానికి నాకు ఏ హక్కు ఉన్నట్టు? ఆమె దీన్ని నన్ను కలుపుకోవడానికి ఇచ్చిందా, శిక్షించడానికి ఇచ్చిందా? ఆమెకైనా తెలుసో లేదో.

కాయ రేపటికి వాడిపోతుంది. వండాలో వద్దో నాకు తెలియడం లేదు. గోనెల సంగతి కూడా ఇంకా తేల్చుకోలేదు.